రంగు వెలిసిందా, బంక చచ్చిందా?

పాఠకుల ప్రశ్నలకు నిపుణుల జవాబులు

ఎండకు పాడయ్యే రంగులు, పూతల గురించి విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. చాలా ఉత్తరాల్లో ఒకే పొరపాటు కనబడింది. గోడ తెల్లబడినా, బోర్డు పాలిపోయినా, వార్నిష్ పొర లేచినా అన్నిటినీ కలిపి "రంగు పోయింది" అనేస్తున్నారు. రంగునిచ్చే పొడి చచ్చిపోవడం వేరు, ఆ పొడిని పట్టి ఉంచే బంక చచ్చిపోవడం వేరు. రోగం వేరైనప్పుడు మందూ వేరే. అందుకే మొదటి జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది. మిగతావాళ్లు కూడా దాన్ని చదివాకే తమ జవాబు చూసుకోవాలని మనవి.

ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక గృహిణి: మూడేళ్ల కిందట ఇంటి బయట లేత నీలం ఎమల్షన్ వేయించాం. సముద్రం వైపు గోడకు ఆనుకుంటే బట్టలకు తెల్లగా అంటుకుంటోంది. వెనక గోడ బాగానే ఉంది. రంగు నాసిరకందా? గీకించి వేయించాలా, పైనే వేయించవచ్చా?

జవాబు: ముందు రెండు చిన్న పరీక్షలు చేయండమ్మా. నల్లటి పాత నూలుగుడ్డను వేలికి చుట్టి, పొడిగా ఉన్న గోడ మీద జానెడు మేర గట్టిగా రుద్దండి. గుడ్డకు తెల్లపొడి అంటితే దాన్ని పిండి తేలడం అంటాం, కంపెనీలవాళ్లు చాకింగ్ అంటారు. తర్వాత అదే గోడ మీద అరచేయంత చోట రెండు చుక్కల కొబ్బరినూనె రాయండి. అసలు నీలం మళ్లీ కనబడితే రంగుపొడి బతికే ఉంది, బంక మాత్రమే పోయింది. నూనె రాసినా పాలిపోయినట్టే ఉంటే రంగుపొడే వెలిసింది. మీరు రాసిన లక్షణాలను బట్టి మీది మొదటి రకం. పరీక్ష అయ్యాక ఆ నూనె మరకను సబ్బునీళ్లతో బాగా కడిగేయండి, లేకపోతే కొత్త రంగు అక్కడ పట్టదు.

డబ్బాలో ఉండేది ముఖ్యంగా మూడు: రంగునిచ్చే వర్ణద్రవ్యం, ధర తగ్గించే సుద్దలాంటి పూరకాలు, వీటన్నిటినీ గోడకు అంటించి ఉంచే బంక, అంటే రెజిన్. నేలకు చేరే ఎండలో అతినీలలోహిత భాగం సుమారు 5 శాతమే. అయినా చేటంతా దానివల్లే. 300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణంలో మోల్‌కు దాదాపు 400 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. బంక గొలుసులోని కార్బన్–కార్బన్ బంధం తెగడానికి సుమారు 350 చాలు. గొలుసు ముక్కలయ్యే కొద్దీ పైపొర కరిగిపోతూ, లోపల కూరుకుని ఉన్న తెల్లపొడి బయటపడుతుంది. మీ బట్టలకు అంటుతున్నది అదే.

సముద్రం వైపే ఎందుకన్నది మంచి ప్రశ్న. విశాఖ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. పొద్దున్నే ఎండ మొదట తగిలేది ఆ గోడకే, ఆ వేళకు దాని మీద రాత్రి మంచు ఇంకా ఆరి ఉండదు. తడి గోడ మీద ఎండ పడడం అన్నిటికంటే చెడ్డది, ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాం. ఉప్పుగాలి రంగును నేరుగా తినదు. గోడ మీద చేరిన ఉప్పు గాలిలోని చెమ్మను లాగి, గోడను ఎక్కువ సేపు తడిగా ఉంచుతుంది. అందుకే అంతే ఎండ కాసే అనంతపురంలో కంటే ఇక్కడ పిండి తేలడం ఎక్కువ. దక్షిణం గోడకు అసలు దెబ్బ చలికాలంలో తగులుతుంది: డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఇక్కడ 49 డిగ్రీల ఎత్తులోనే ఉండి గోడను నేరుగా కొడతాడు. మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్న సూర్యుడు ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి ఆ రెండున్నర నెలలు ఉత్తరం గోడకూ ఎండ తప్పదు.

ఇక పని. మొత్తం గీకించనక్కర్లేదు. గట్టి నైలాన్ బ్రష్షుతో నీళ్లు కొడుతూ పిండి అంతా కడిగించండి. వట్టి పైపుతో తడిపితే పోదు, తోమాలి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి, నల్లగుడ్డ పరీక్ష మళ్లీ చేయండి. గుడ్డ శుభ్రంగా వస్తే పగుళ్లు పూడ్చి, ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి. ఇంకా పొడి అంటుతుంటే లోపలికి ఇంకే రకం ప్రైమర్ కావాలని దుకాణంలో అడగండి. అది వదులు పొడిని తడిపి గోడకు బిగిస్తుంది. పిండి ఉన్న గోడ మీద నేరుగా లప్పం పెట్టనివ్వకండి. లప్పం పట్టుకునేది గోడను కాదు, పిండిని. ఒక వానాకాలానికే అది పెచ్చులుగా ఊడుతుంది.

పడమటి గోడ పొద్దున, తూర్పు గోడ మధ్యాహ్నం తర్వాత, అంటే ఎప్పుడూ నీడ వెంట పని సాగాలి. కాలుతున్న గోడ మీద వేస్తే నీళ్లు చప్పున ఆవిరై, బంక రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పొర కట్టే వ్యవధి ఉండదు. చలికాలంలో సాయంత్రం నాలుగింటికి బ్రష్షు ఆపాలి. ఆరని పొర మీద మంచు పడితే చారలు వస్తాయి. అక్టోబరు, నవంబరు తుపానులు దాటాక డిసెంబరు నుంచి మార్చి దాకా విశాఖలో బయటి పనికి మంచి అదను.

మందం లెక్క కూడా చూసుకోండి. లీటరు రంగు రెండు కోట్లకు కలిపి 55 చదరపు అడుగులకు వాడితే, ఘనపదార్థం 38 శాతం ఉన్న ఎమల్షన్ ఆరాక సుమారు 74 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొర మిగులుతుంది. నీళ్లు ఎక్కువ కలిపి అదే లీటరును 100 అడుగులకు సాగదీస్తే 41 మైక్రాన్లే. ఎండ ఏటా పైనుంచి కొరుక్కుపోయేది ఈ పొరనే. రంగు నాసిరకందని తిట్టుకునే గోడల్లో చాలావాటికి అసలు లోటు ఇదే. గోడ కొలత మీరే వేసి, డబ్బాలు లెక్కపెట్టి ఇవ్వండి. ఖాళీ డబ్బాలు పని అయ్యేదాకా పారేయవద్దని చెప్పండి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఒక రసాయనశాస్త్ర విద్యార్థి: భీమిలి ఇసుకలో ఇల్మెనైట్ దొరుకుతుంది, దాని నుంచే తెల్లరంగుకు వాడే టైటానియం డయాక్సైడ్ చేస్తారు. అది అతినీలలోహిత కిరణాలను బాగా పీల్చుకుంటుంది కదా. మరి రంగును కాపాడాల్సింది పోయి పాడు చేస్తుందంటారేం?

జవాబు: కంచే చేను మేయడమంటే ఇదే. టైటానియం డయాక్సైడ్ రెండు పనులూ చేస్తుంది, ఏది గెలుస్తుందన్నది దాని స్ఫటిక రూపాన్ని, దాని మీద వేసిన తొడుగును బట్టి ఉంటుంది.

ఈ పొడి కిరణాన్ని పీల్చుకున్నప్పుడు ఒక ఎలక్ట్రాన్ పై శక్తి పట్టీకి ఎగిరి, కింద ఒక ఖాళీ మిగులుతుంది. మామూలుగా ఆ రెండూ మళ్లీ కలిసిపోయి శక్తి వేడిగా మారుతుంది, అది కాపాడే పని. కానీ కలిసేలోపు అవి రేణువు అంచుకు చేరితే కథ వేరు. ఎలక్ట్రాన్‌ను ఆక్సిజన్ పట్టుకుని సూపర్ ఆక్సైడ్ అవుతుంది. ఖాళీ చోటు నీటి నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని, దేనితోనైనా ఇట్టే కలబడే హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. ఈ రాడికల్ పక్కనున్న బంక గొలుసును కోసేస్తుంది. రేణువు చుట్టూ గుంట పడి, చివరికి రేణువు వదులై ఊడిపోతుంది. నీరు, ఆక్సిజన్, వెలుతురు మూడూ ఒకేచోట ఉంటే తప్ప ఈ చర్య జోరందుకోదు. మంచు తడి మీద పొద్దుటి ఎండ చెడ్డదని పై జవాబులో అన్నది ఇందుకే.

అనటేస్ అనే స్ఫటిక రూపంలో ఈ చర్య చాలా చురుగ్గా ఉంటుంది. తనంత తాను శుభ్రమయ్యే గాజు మీద పూతగా దాన్ని వాడేదీ ఆ గుణం కోసమే. రూటైల్ రూపం నెమ్మది. దాని మీద అల్యూమినా, సిలికా, కొన్నిసార్లు జిర్కోనియా పలుచటి తొడుగు వేస్తే, రాడికల్ బంకను చేరేలోపే అణగిపోతుంది. దట్టమైన సిలికా తొడుగు ఉన్న రూటైల్ బయటి రంగులకు శ్రేష్ఠం. వాటి పట్టీ అంతరాలు కూడా గుర్తుంచుకోండి: అనటేస్‌కు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే దాదాపు 388 నానోమీటర్ల కంటే పొట్టి కిరణాలు. రూటైల్‌కు 3.0, అంటే దాదాపు 413. దృశ్యకాంతిలో ఊదా అంచును కూడా కొంచెం పీల్చుకుంటుంది కాబట్టే రూటైల్ తెలుపు అనటేస్ కంటే రవ్వంత పసుపుగా కనబడుతుంది.

పిండి తేలడం ఎప్పుడూ దోషమే కాదు. ఒకప్పుడు తెల్ల ఎనామిల్స్‌లో కొంచెం అనటేస్‌ను కావాలనే కలిపేవారు. ఏటా వానకు పైపొర పిండిగా కొట్టుకుపోయి, దుమ్ము కూడా దానితోపాటే పోయి గోడ తెల్లగా ఉండేది. ముదురు రంగులకు మాత్రం అది పనికిరాదు.

మీకు ప్రయోగశాల అందుబాటులో ఉంటే ఒక చిన్న పని చేసి చూడండి. ఒకే ఎక్రిలిక్ ఎమల్షన్‌లో సమాన తూకంలో అనటేస్, తొడుగున్న రూటైల్ విడివిడిగా కలిపి, సిమెంటు పలకల మీద పూసి, డాబా మీద దక్షిణానికి 45 డిగ్రీల వాలులో పెట్టండి. రెండు వారాలకోసారి పారదర్శక టేపు అంటించి తీసి, నల్లకాగితం మీద అతికించుకోండి. వానాకాలం మొదలయ్యేలోపు రెండు వరుసల తేడా కళ్లకే తెలుస్తుంది.

గాజువాక నుంచి ఒక దుకాణదారు: నా బోర్డు మీద ఎర్ర, పసుపు అక్షరాలు ఏడాదిన్నరకే పాలిపోయాయి. అదే బోర్డులో నీలం, నలుపు చెక్కుచెదరలేదు. పెయింటరు ఒక్కరే, ఎండ ఒక్కటే. ఎందుకిలా?

జవాబు: ఇక్కడ చచ్చింది బంక కాదు, రంగుపొడి. నూనె రాసినా మీ ఎరుపు తిరిగి రాదు.

మీ వీధిలో పాత ఫ్లెక్సీలు చూడండి. ఏడాది దాటిన ఫ్లెక్సీలో నాయకుడి ముఖమైనా, ఆస్పత్రి ప్రకటనైనా నీలంగా తేలుతుంది. అచ్చు సిరాల్లో పసుపు, మెజెంటా ముందు చచ్చిపోయి నీలం, నలుపు మిగలడం వల్ల అలా అవుతుంది. చవక ఎరుపు, పసుపు ఎక్కువగా అజో జాతి వర్ణద్రవ్యాలు. రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉండే జంటబంధమే వాటి రంగుకు ఆయువుపట్టు. ఎండకు అది దెబ్బతింటే రంగు ఉండదు. నీలం థాలోసయనిన్ రకం, నడుమ రాగి పరమాణువును గట్టి వలయం చుట్టేసి ఉంటుంది, సులభంగా విడదు. నలుపు వట్టి కార్బన్.

ఎండకు నిలవడాన్ని కొలవడానికి 1 నుంచి 8 దాకా నీలి ఉన్ని కొలమానం ఉంది. ఎనిమిది ఉన్ని పీలికలు ఒకదాని కంటే ఒకటి నెమ్మదిగా వెలుస్తాయి, ఒక్కో మెట్టు ఎక్కితే నిలిచే కాలం దాదాపు రెట్టింపు. బయటి బోర్డుకు 7 లేదా 8 కావాలి. పక్కా ఎరుపుకు డి.పి.పి. ఎరుపు, గులాబీ చాయకు క్వినాక్రిడోన్ అడగండి, ధర ఎక్కువే. ఇటుక ఎరుపు, మట్టి పసుపు మీకు సరిపోతే ఐరన్ ఆక్సైడ్‌కు సాటి లేదు, ధరా తక్కువ. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలను చూడండి. ఆ ఇసుక రేణువుల మీద ఉన్నది ఐరన్ ఆక్సైడే. వేల ఏళ్ల ఎండకు అది వెలవలేదు. ఇనుము తీసుకున్న వెలుతురు వేడిగా పోతుంది, తెగడానికి అందులో కర్బన గొలుసే లేదు.

ఇంకొక కిటుకు తప్పక తెలుసుకోవాలి. టొలూడిన్ ఎరుపు వంటివి చిక్కగా వేస్తే కొన్నేళ్లు నిలుస్తాయి, తెలుపు కలిపి గులాబీ చేస్తే త్వరగా చస్తాయి. ఒక్కో రంగు రేణువుకు చుట్టూ తెల్లపొడి వెలుతురును తిప్పికొట్టి మళ్లీ దాని మీదికే పంపుతుంది, పైగా చచ్చిన రేణువు వెనక ఇంకొకటి ఉండదు. అందుకే తెల్ల ఎమల్షన్‌లో చిన్న సీసాల స్టెయినర్ కలిపి చేసే లేత పసుపు, లేత గులాబీ గోడలు అంత తొందరగా వెలుస్తాయి. షేడ్ కార్డులో కొన్ని చాయలకు "బయటి వాడకానికి కాదు" అన్న గుర్తు ఉంటుంది, దుకాణంలో దాన్ని చూపించమనండి.

కొత్త బోర్డు రాయించే ముందు జానెడు రేకు ముక్క మీద ఆ రంగులే పూయించి, సగానికి అల్యూమినియం కాగితం చుట్టి, మీ మేడ పిట్టగోడ మీద పడమటి ఎండలో మూడు నెలలు ఉంచండి. కాగితం విప్పితే గీత కనబడిన రంగును వదిలేయండి. మెరిసే పసుపు కోసం పాత లెడ్ క్రోమేట్ రంగుల జోలికి మాత్రం పోవద్దు. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదని 2016 నిబంధనలు చెబుతున్నాయి. 2017 నవంబరు నుంచి అవి అమల్లో ఉన్నాయి.

మధురవాడ నుంచి ఒక ఫ్లాటు యజమాని: కొత్త అపార్ట్‌మెంటు. రంగు వేసి రెండు నెలలు. బాల్కనీ గోడ మీద మచ్చలు మచ్చలుగా రంగు తెల్లబడింది. ఎండ ఇంత తొందరగా తినేస్తుందా?

జవాబు: ఇందులో ఎండ తప్పు లేదు. ఎండ దెబ్బ గోడంతా ఒకే తీరుగా ఉంటుంది, సన్‌షేడ్ నీడ ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు తెలుస్తుంది. మచ్చలుగా వచ్చిందంటే లోపలి సిమెంటు సున్నం పని. కొత్త ప్లాస్టర్‌లో క్షారగుణాన్ని చూపే పి.హెచ్. 12 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ క్షారం తడితో పాటు పైకి వచ్చి కొన్ని రంగుపొడులను చంపేస్తుంది. ప్రష్యన్ నీలం అయితే గోధుమరంగుకు తిరుగుతుంది.

ప్లాస్టర్ చేసి 28 రోజులైనా ఆరనివ్వాలి, వానాకాలంలో ఇంకా ఎక్కువ. మచ్చ ఉన్నచోట కొంచెం గీకి, గోడను మంచినీళ్లతో తడిపి పి.హెచ్. కాగితం అంటించండి. 9 దాటి ఉంటే ఇంకా ఆగాలి. తగ్గాక క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేసి, ఐరన్ ఆక్సైడ్ చాయల్లో ఏదైనా ఎంచుకోండి. మచ్చల మీద గీకితే పంచదారలా పలుకులు వస్తుంటే అది ఉప్పు పొంగడం. నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపేదాకా ఏ రంగూ నిలవదు.

మహారాణిపేట నుంచి ఒక ఉపాధ్యాయిని: కిటికీ రెక్కల బయటివైపు తెల్ల ఎనామిల్ పిండిగా రాలుతోంది. అదే డబ్బా రంగు వేసిన గోడ అలమరా లోపల పచ్చబడింది. ఎండ లేనిచోట కూడా పాడవడమేమిటి?

జవాబు: ఎనామిల్ బంక నూనెతో చేసిన ఆల్కిడ్. చీకట్లో ఆ నూనెల్లో, ముఖ్యంగా లినోలెనిక్ ఆమ్లం ఎక్కువ ఉన్నవాటిలో, పసుపు పదార్థాలు పోగవుతాయి. వెలుతురు వాటిని చెరిపేస్తుంది. కావాలంటే అలమరా తలుపును కొన్నాళ్లు వెలుతురుకు తెరిచి ఉంచి చూడండి, పచ్చదనం తగ్గుతుంది. బయటివైపు అదే వెలుతురు మోతాదు మించి బంకనే తినేసింది. లోపల నీటితో కలిపే ఎక్రిలిక్ ఎనామిల్ వేయండి, పచ్చబడదు. బయటికీ అదే మేలు.

పెదజాలరిపేట నుంచి ఒక మత్స్యకారుడు: మా ఫైబర్ తెప్ప నీలం రంగు తెల్లగా, గరుకుగా అయిపోయింది. చెయ్యి పెడితే దురదగా ఉంది. పైన రంగు కొట్టేస్తే చాలా?

జవాబు: దురద అన్నారు కాబట్టి తొందరపడాల్సిన విషయమే. ఫైబర్ తెప్పకు పైన ఉండేది జెల్‌కోటు, అర మిల్లీమీటరు మందం పాలిస్టర్ పొర. దాని కిందే గాజుపీచు. ఎండకు జెల్‌కోటు పిండి తేలి అరిగిపోతే పీచు బయటపడి చేతికి గుచ్చుకుంటుంది. అదే దారిన నీరు లోపలికి దిగితే తెప్ప బరువెక్కుతుంది, పొరలు విడిపోతాయి.

మంచినీళ్లు, సబ్బుతో ఉప్పంతా కడిగి ఆరాక చూడండి. పీచు నేత ఎక్కడా కనబడకపోతే పని తేలిక: 600 నంబరు నీటి ఎమరీతో తడిపి రుద్ది, తర్వాత 800, తర్వాత 1000, ఆపైన రబ్బింగ్ కాంపౌండు, చివర మైనం. నాలుగైదు నెలలకోసారి మైనం మళ్లీ పట్టిస్తే నీలం నిలుస్తుంది.

నేత కనబడితే మైనం ఉపయోగపడదు. అసిటోన్ గుడ్డతో జిడ్డు తీసి, 220 నంబరు కాగితంతో రుద్ది, దుమ్ము దులిపి, రెండు డబ్బాల (రెండు భాగాలను కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమర్ ఒక కోటు వేయండి. దాని పైన ఎండకు పసుపెక్కని రకం, రెండు డబ్బాల అలిఫాటిక్ పాలీయురిథేన్ రెండు కోట్లు, ఒక్కొక్కటి 40–50 మైక్రాన్లు. ఎపాక్సీతోనే ఆపేయవద్దు, ఎండకు అది ఇంకా త్వరగా పిండి అవుతుంది. పాడైన జెల్‌కోటునే తిరిగి పూయాలనుకుంటే, చివరి పొరలో పైకి తేలే మైనం కలిపినది కావాలి. లేకపోతే గాలి తగిలి జిగురుగానే ఉండిపోతుంది. గట్టిపడటానికి కలిపే ఎం.ఇ.కె.పి.ని వేసవిలో 1 శాతం, చల్లటి రోజుల్లో 2 శాతం దాకా వాడవచ్చు. ఒక్క మాట మాత్రం మరువకండి: గట్టిపడే వేగాన్ని పెంచే కోబాల్టును, ఎం.ఇ.కె.పి.ని నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ పోయకూడదు, భగ్గుమని పేలుతుంది. ముందు కోబాల్టును రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది. రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు పొడవు చొక్కా ఉండాలి. ఒడ్డున ఉన్న రోజుల్లో తెప్ప మీద తాటాకో పట్టాయో కప్పితే ఆ ఎండ మేరకు ఆయుష్షు మిగిలినట్టే.

సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు: టేకు సింహద్వారానికి రెండుసార్లు వార్నిష్ వేయించాం. ఏడాదికే పొరలు పొరలుగా లేస్తోంది, కింద చెక్క బూడిదరంగులో ఉంది.

జవాబు: ఇందులో రంగుపొడి లేకపోవడమే సమస్య. పారదర్శకమైన వార్నిష్ గుండా అతినీలలోహిత కిరణాలు దూరి చెక్కను చేరతాయి. చెక్క పీచును కలిపి ఉంచే లిగ్నిన్ వాటిని పీల్చుకుని విరిగిపోతుంది. ఇది పై 75 మైక్రాన్లలోనే, అంటే వెంట్రుక మందమంత లోతులోనే జరుగుతుంది. వార్నిష్ బాగానే ఉన్నా అది పట్టుకున్న చెక్క పొర జావ అయిపోతే, వార్నిష్ పెచ్చుగా ఊడక ఏమవుతుంది? బూడిదరంగు చెక్క మీద ఎంత ఖరీదైనది పూసినా నిలవదు.

పాతదంతా తీసేసి 80, 120, 180 నంబర్ల కాగితంతో తాజా టేకు రంగు కనబడేదాకా రుద్దించండి. రుద్దిన రోజే మొదటి కోటు పడాలి. చెక్కను ఎండలో బోసిగా వారం ఉంచితే పాడవడం మళ్లీ మొదలైనట్టే. మొదట పారదర్శక ఐరన్ ఆక్సైడ్ ఉన్న గోధుమ చాయ స్టెయిన్ పట్టించండి, అది నేత దాచకుండానే కిరణాలను ఆపుతుంది. పైన బయటి వాడకం రెండు డబ్బాల అలిఫాటిక్ పాలీయురిథేన్, మధ్యలో 320తో తేలికగా రుద్దుతూ నాలుగు కోట్లు, మొత్తం 80 నుంచి 100 మైక్రాన్లు. అందులో అతినీలలోహిత శోషకం, హాల్స్ అనే స్థిరీకారి రెండూ ఉన్నాయేమో డబ్బా వివరాల్లో చూడండి. మొదటిది కిరణాన్ని మింగుతుంది, రెండోది తప్పించుకున్న రాడికల్స్‌ను పట్టి తాను మళ్లీ పూర్వరూపానికి వస్తుంది. మెలమైన్, ఎన్.సి. లక్కర్లు గది లోపలి సామాను కోసం, సింహద్వారానికి వద్దు. తలుపు అడుగు అంచుకు పూయడం మేస్త్రులు తరచు మరచిపోతారు, వాన నీరు ఎక్కేది అక్కడి నుంచే. ఆపైన ఏటా మెరుపు తగ్గుతుండగానే ఒక కోటు వేయించండి. పొర లేచాక అయితే మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే.

ఆటోనగర్ నుంచి ఒక ఫాబ్రికేషన్ షాపు యజమాని: బీచ్ రోడ్డు హోటలుకు చేసిన ఇనుప ట్యాంకు స్టాండుకు ఖరీదైన ఎపాక్సీ మూడు కోట్లు వేశాం. ఆరు నెలలకే బూడిద తేలింది. పార్టీ డబ్బు ఆపారు. తుప్పు మాత్రం లేదు.

జవాబు: తుప్పు లేదన్న మాటే మీకు ఊరట. ఎపాక్సీలోని బిస్‌ఫినాల్ వలయాలు 300 నానోమీటర్ల దగ్గరి కిరణాలను పీల్చుకుంటాయి, అందుకే ఎంత ఖరీదైన ఎపాక్సీ అయినా బయట పిండి తేలుతుంది. పాడయ్యేది పైపైనే, కింద పొర ఇంకా ఇనుమును కాపాడుతూనే ఉంది. పార్టీకి నల్లగుడ్డతో తుడిచి, కింద గట్టిగా ఉన్న పొరను చూపించండి.

మంచినీళ్లతో ఉప్పు, పిండి కడిగి, స్కాచ్‌బ్రైట్ లేదా 180 కాగితంతో గరుకు చేసి, థిన్నర్ గుడ్డతో తుడిచి, అలిఫాటిక్ ఎక్రిలిక్ పాలీయురిథేన్ 50 నుంచి 60 మైక్రాన్లు ఒక కోటు వేయండి. టి.డి.ఐ. అనే రసాయనం ఆధారంగా చేసిన ఎరోమాటిక్ రకం ఇవ్వనివ్వకండి, పసుపెక్కుతుంది. గాలిలో తేమ 85 శాతం దాటినా, ఇనుము వేడి మంచుబిందువు (గాలిలోని చెమ్మ నీటిబొట్లుగా మారే వేడి) కంటే 3 డిగ్రీలైనా ఎక్కువ లేకపోయినా పని ఆపండి. బీచ్ దగ్గర సాయంత్రాలు ఈ హద్దు తరచు దాటుతాయి, కాబట్టి పొద్దున తొమ్మిది నుంచి మూడు మధ్యే పెట్టుకోండి.

ఇకముందు తీరాన పెట్టే ఇనుముకు జింక్ ఎపాక్సీ ప్రైమర్ 60–75, అభ్రకంలా పలకలు పలకలుగా ఉండే ఐరన్ ఆక్సైడ్ కలిపిన ఎపాక్సీ 140–180, పైన పాలీయురిథేన్ 60, మొత్తం 260 నుంచి 315 మైక్రాన్లు అని కొటేషన్‌లోనే రాయండి. ఆ చివరి 60 మైక్రాన్ల ధర చూసి పార్టీ వద్దంటే, ఎపాక్సీ బూడిద తేలుతుందని అదే కాగితం మీద రాసి సంతకం తీసుకోండి.